కొత్త పికప్‌లు వేశాక రెండూ కలిపితే బేస్ సౌండ్ పల్చబడుతోంది, ఎక్కడ వెతకాలి?

లోనోట్

అందరికీ నమస్తే. నాది జాజ్ బేస్ తరహా నాలుగు తీగల గిటార్, పాసివ్ (బ్యాటరీ లేనిది), రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. పాత పికప్‌లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాలు) తీసేసి కొత్తవి వేశాను. నా గిటార్ బాడీలో రెండు గుంటలూ ఒకే పొడవు, సుమారు 92 మిల్లీమీటర్ల పికప్ పడుతుంది. నాకు నచ్చిన సెట్‌లో నెక్ (మెడ వైపు) పికప్ సరిపోయింది కానీ బ్రిడ్జ్ (తీగలు బిగించే చివర) పికప్ దాదాపు 95 ఉంది, లోపలికి దిగదు. బాడీ చెక్కడం ఇష్టంలేక నెక్ వైపుకి ఒక కంపెనీది, బ్రిడ్జ్ వైపుకి పొట్టి సైజులో ఇంకో కంపెనీది తీసుకున్నాను. రెండింటికీ ఒక తెల్ల వైరు, ఒక నల్ల వైరు. తెల్లది వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే తిరిగే రెసిస్టర్) మధ్య లగ్‌కి (వైరు అంటించే రేకుకి), నల్లది పాట్ వీపుకి సోల్డర్ చేశాను.

విడివిడిగా ఏది వాయించినా సౌండ్ చాలా బాగుంది, పాతవాటితో పోలికే లేదు. కానీ రెండు వాల్యూమ్‌లూ ఫుల్ పెట్టగానే అడుగు మొత్తం మాయమైపోతోంది. లో ఈ (అన్నిటికంటే లావు తీగ) కొడితే వేలి చప్పుడు వినిపిస్తోంది, నోట్‌కి మాత్రం బరువే లేదు. ఒక వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే మళ్ళీ బరువు వస్తోంది. జాజ్ బేస్‌లో రెండూ ఫుల్ పెడితే హమ్ (బుర్రుమనే శబ్దం) తగ్గాలంటారు కదా, అదీ తగ్గట్లేదు. సోల్డర్ అంతా మళ్ళీ చూశాను, ఎక్కడా వదులు లేదు. ఎక్కడ వెతకాలి?

తీగలమోత

ఇది ఫేజ్ సమస్య, లక్షణాలన్నీ మీరే చెప్పేశారు. విడివిడిగా బాగుండి, కలిపితే అడుగు పోయి, ఒకటి తగ్గిస్తే తిరిగి వస్తోందంటే రెండు పికప్‌లూ ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తున్నట్టే. తీగ కదిలినప్పుడు ఒక పికప్ ప్లస్ వైపు వోల్టేజ్ ఇస్తుంటే రెండోది అదే క్షణంలో మైనస్ వైపు ఇస్తోంది. లో నోట్స్‌లో రెండు పికప్‌లకీ తీగ దాదాపు ఒకేలా కదులుతూ కనిపిస్తుంది కాబట్టి అవి ఎక్కువగా కొట్టుకుపోతాయి, పై హార్మోనిక్స్ మాత్రం కొన్ని మిగులుతాయి. అందుకే మీకు చప్పుడు వినిపిస్తోంది, బరువు వినిపించట్లేదు.

సోల్డర్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. పికప్‌లు పాడైపోలేదు, టెన్షన్ పడే పనేమీ లేదు. ముందు కొలిచి నిర్ధారణ చేసుకోండి, సోల్డరింగ్ ఐరన్ తర్వాత వేడి చేద్దురుగాని.

మూడోఫ్రెట్

ఒక డౌట్. రెండింటిలోనూ తెల్లది హాట్ (సిగ్నల్ వెళ్ళే వైరు), నల్లది గ్రౌండ్ అని ఒకేలా కలిపారు కదా, ఇంక ఎదురు ఎలా అవుతుంది?

టంకంపొగ

రంగు చూసి నమ్మితే ఇలాగే అవుతుంది. వైరు రంగుకి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ ఏదీ లేదు, ఏ కంపెనీ లెక్క దానిదే. నాలుగు వైర్ల హంబకర్లు (రెండు కాయిల్‌లు, అంటే వైరు చుట్టలు, ఉండే పికప్‌లు) చూడండి. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపూ తెలుపూ కలిపేసి టేపు చుట్టాలి. అదే సేమూర్ డంకన్‌లో నలుపు హాట్, ఆకుపచ్చా బోడి వైరూ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ కలపాలి. ఒకచోట హాట్‌గా వాడే నల్ల వైరు ఇంకోచోట మధ్యలో కలిపేసే వైరు. కాబట్టి పికప్‌తో వచ్చిన కాగితం పారేయకండి, డయాగ్రమ్ ఎక్కడైనా దొరుకుతుంది కదా అని వేరే కంపెనీది పట్టుకుని మొదలుపెట్టకండి.

రంగు ఒక్కటే కాదు, ఇంకో రెండు విషయాలున్నాయి. కాయిల్ ఏ దిక్కుకి చుట్టారు, అయస్కాంతం పైకి ఉత్తరమా దక్షిణమా. ఒకే సెట్‌గా అమ్మినప్పుడు ఇవన్నీ సరిచూసి ఇస్తారు. రెండు కంపెనీలవి కలిపినప్పుడు ఆ పని మనదే.

తీగలమోత

కొలిచే పద్ధతి చెప్తాను. గిటార్ విప్పక్కర్లేదు.

కేబుల్ జాక్‌లో పెట్టి రెండో చివర ఖాళీగా ఉంచండి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టేజ్‌లో అన్నిటికంటే చిన్న రేంజ్‌కి తిప్పండి, సాధారణంగా 200 మిల్లీవోల్ట్‌లు ఉంటుంది. ఎర్ర ప్రోబ్ కేబుల్ టిప్‌కి (ప్లగ్ మొనకి), నల్లది స్లీవ్‌కి (దాని వెనక ఉండే గొట్టానికి). టోన్ ఫుల్. నెక్ వాల్యూమ్ ఫుల్, బ్రిడ్జ్ వాల్యూమ్ సున్నా. ఇప్పుడు ఒక ఇనుప స్క్రూడ్రైవర్ మొనని నెక్ పికప్ పోల్ పీస్ (పికప్ పైన కనిపించే గుండ్రటి లోహపు ముక్క) మీద మెల్లగా ఆనించి ఒక్కసారిగా పైకి లాగండి. లాగిన క్షణంలో మీటర్ ప్లస్ చూపిందా మైనస్ చూపిందా రాసుకోండి. అలాగే వాల్యూమ్‌లు మార్చి బ్రిడ్జ్ పికప్ మీద చేయండి. ఆనించినప్పుడు ఒక వైపు, లాగినప్పుడు దానికి ఎదురు వైపు చూపిస్తుంది కాబట్టి రెండింటికీ లాగినప్పటిదే పోల్చాలి. రెండూ ఒకే గుర్తు చూపితే ఫేజ్ సరిగా ఉన్నట్టు, వేరువేరుగా చూపితే ఎదురు.

ముల్లు ఉన్న పాత రకం మీటర్ దొరికితే ఇంకా సులువు, ముల్లు ఎటు ఎగిరిందో కంటికి కనిపిస్తుంది. కొన్ని డిజిటల్ మీటర్లు నెమ్మదిగా చదువుతాయి, అంకె కనిపించేలోపే విషయం అయిపోతుంది. అలాంటప్పుడు ఆడియో ఇంటర్‌ఫేస్‌లో పెట్టి కంప్యూటర్‌లో రికార్డ్ చేయండి, పోల్ పీస్ మీద స్క్రూడ్రైవర్ తగిలిన మొదటి క్షణంలో గీత పైకి లేచిందా కిందికి దిగిందా పెద్దది చేసి చూడండి. రెండు పికప్‌లూ అదే దారిలో వెళ్తున్నాయి కాబట్టి పోలిక నమ్మొచ్చు.

గ్రౌండ్‌వైరు

తీగలమోత గారు చెప్పిన కొలతతో సగమే తెలుస్తుంది. హమ్ సంగతి తేలాలంటే అయస్కాంతాలు కూడా చూడాలి. తీగలు వదులుచేసి పికప్‌లు స్క్రూలు తీసి పైకి ఎత్తండి, వైర్లు ఊడదీయక్కర్లేదు. రెండింటి ముఖాలూ ఎదురెదురుగా పెట్టి మెల్లగా దగ్గరికి తీసుకురండి. లాక్కుంటే ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. తోసుకుంటే రెండూ ఒకటే. దిక్సూచి పెట్టి చూసేవాళ్ళూ ఉన్నారు, కానీ దాన్ని పోల్ పీస్‌కి మరీ దగ్గరగా పెడితే ముల్లు అయస్కాంతమే తిరగబడి ఆ తర్వాత దిక్కులు తప్పు చూపిస్తుంది, అందుకని నేను వాడను.

ఇది ఎందుకంటే, హమ్ గాలిలోంచి కాయిల్‌లోకి వస్తుంది, దానికి అయస్కాంతంతో పనిలేదు. తీగ సౌండ్‌కి కాయిల్ దిక్కూ కావాలి, అయస్కాంతం దిక్కూ కావాలి. అయస్కాంతాన్ని తిప్పి, చుట్టు దిక్కునీ తిప్పితే తీగ సౌండ్ రెండుసార్లు తిరిగి మొదటికి వస్తుంది, హమ్ మాత్రం ఒకేసారి తిరుగుతుంది. అందుకే సౌండ్ కలుస్తుంది, హమ్ కొట్టుకుపోతుంది. 1957లో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కి రెండు ముక్కల పికప్ పెట్టినప్పుడు చేసింది ఇదే, ఒక ముక్కకి మరో ముక్క తిరగేసి ఉంటుంది. జాజ్ బేస్‌లో ఆ రెండు ముక్కల పని రెండు పికప్‌లు చేస్తాయి.

మీ విషయంలో రెండు దారులున్నాయి. అయస్కాంతాలు లాక్కున్నాయనుకోండి, ఒక పికప్ వైర్లు రెండూ అటుదిటు చేస్తే ఫేజూ కుదురుతుంది, హమ్ కూడా పోతుంది. తోసుకున్నాయనుకోండి, వైర్లు మారిస్తే ఫేజ్ కుదురుతుంది కానీ హమ్ ఉండిపోతుంది, అదీ పోవాలంటే వైర్లు మార్చే బదులు ఒక పికప్ అయస్కాంతాలు తిరగేయాలి లేదా ఆ పికప్పే మార్చాలి. ఫేజ్ సరిగ్గా ఉండి అయస్కాంతాలు ఎదురెదురైతే హమ్ పోతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే ఏ రెండు పికప్‌లు చేతిలోకి వచ్చినా ముందే చెప్పేయొచ్చు.

లోనోట్

చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. కొలిచాను. నెక్ పికప్ మీద నుంచి స్క్రూడ్రైవర్ లాగితే ప్లస్, బ్రిడ్జ్ మీద మైనస్. తేడా స్పష్టంగా ఉంది, ఎన్నిసార్లు చేసినా మారలేదు. పికప్‌లు ఎత్తి ముఖాముఖి పెడితే గట్టిగా లాక్కున్నాయి.

గ్రౌండ్‌వైరు

అయితే మీ అదృష్టం బాగుంది. వైర్లు మారిస్తే చాలు. పికప్ మార్చక్కర్లేదు.

కానీ ఏ పికప్ వైర్లు మార్చాలో చూసి మార్చండి. లెక్క ప్రకారం ఏదైనా ఒకటే, పనిలో మాత్రం ఒకటి కాదు. కొన్ని పికప్‌లలో గ్రౌండ్ వైరుని కాయిల్ చుట్టూ ఉన్న రాగి రేకుకో, కింద ఉండే ఇత్తడి పలకకో, లోహపు కవర్‌కో కలిపేసి ఉంచుతారు. అలాంటిదాన్ని తిరగేస్తే ఆ రేకు హాట్‌కి అంటుకుపోతుంది. అప్పుడది హమ్‌ని ఆపడం పోయి యాంటెనాలా లాగుతుంది, చెయ్యి దగ్గరికి తెస్తేనే బుర్రుమంటుంది. మీటర్‌ని కంటిన్యుయిటీలో (రెండు చోట్లా కలిసి ఉంటే కూసే సెట్టింగ్) పెట్టి ఒక ప్రోబ్ రేకుకీ రెండోది ఆ పికప్ గ్రౌండ్ వైరుకీ ఆనించి చూడండి, పాట్ నుంచి ఆ వైరు ఊడదీశాకే చూడాలి, లేదంటే షీల్డింగ్ ద్వారా అన్నీ కలిసే కనిపిస్తాయి. ఏ వైరూ లోహానికి కలవని పికప్ ఏదో, దాన్నే మార్చండి. వైరు పైన అల్లికలా ఉన్న షీల్డ్ ఉండి అదే గ్రౌండ్ అయితే దాని జోలికి అసలు పోవద్దు.

లోనోట్

బ్రిడ్జ్ దానికి కింద పలక ఉంది, నల్ల వైరు దానికి కలిసి ఉంది. నెక్ దానికి రెండు వైర్లు తప్ప ఏమీ లేవు. అయితే నెక్ దే మారుస్తాను. ఇంకో సాయం కావాలి. మొదటిసారి పాట్ వీపు మీద సోల్డర్ పట్టడానికి చాలా ఇబ్బంది అయింది, ముద్దలా ఉండి జారిపోయేది. మళ్ళీ అదే పని చేయాలి కాబట్టి సరైన పద్ధతి తెలుసుకుని చేద్దామని.

టంకంపొగ

అందరికీ అక్కడే చిక్కు. లగ్ చిన్నది, ఇట్టే వేడెక్కుతుంది. పాట్ వీపు మొత్తం లోహపు డబ్బా, ఐరన్ వేడిని అంతా అదే మింగేస్తుంది. సన్న మొన ఉన్న చిన్న ఐరన్ పెట్టి నిమిషం సేపు రుద్దుతూ ఉంటే సోల్డర్ అంటదు సరికదా, లోపలి కార్బన్ ట్రాక్ మాడి పాట్ గరగరలాడడం మొదలవుతుంది. కావాల్సింది ఎక్కువసేపు వేడి కాదు, తక్కువసేపట్లో ఎక్కువ వేడి. కాబట్టి ఉలి ఆకారంలో ఉన్న వెడల్పు మొన వేయండి, 40 వాట్లు తక్కువ కాకుండా ఉంటే మంచిది, వేడి సెట్ చేసుకునేదైతే 350 డిగ్రీల పైన పెట్టండి.

ముందు పాట్ వీపు మీద సోల్డర్ పెట్టాల్సిన చోట గరుకు కాగితంతో బాగా రుద్దండి, ఆ మెరుపు పోయి సన్న గీతలు కనబడాలి. స్పిరిట్‌తో తుడవండి, వేలి జిడ్డు కూడా ఉండకూడదు. ఐరన్ మొనని తడి స్పాంజ్ మీద తుడిచి దాని మీద కొంచెం సోల్డర్ కరిగించండి, ఆ కరిగిన సోల్డర్ వల్లే వేడి దిగుతుంది. ఇప్పుడు మొన చదునుగా పాట్ మీద ఆనించి రెండు మూడు సెకన్లు ఆగి, సోల్డర్‌ని ఐరన్‌కి కాకుండా మొన పక్కన పాట్‌కి తగిలించండి. పాట్ వేడెక్కితే సోల్డర్ దానంతటదే పరుచుకుంటుంది, అంచులు పల్చగా లోహంలో కలిసిపోతాయి. గుండ్రంగా బొట్టులా నిలబడిందంటే అంటలేదనే అర్థం, గోరుతో గీకితే ఊడొస్తుంది. అలా పరుచుకున్నాక ఐరన్ తీసి పాట్‌ని చల్లారనివ్వండి. వైరు చివరకి కూడా విడిగా సోల్డర్ పట్టించండి. తర్వాత వైరుని ఆ పరుపు మీద పెట్టి ఐరన్ ఆనిస్తే రెండూ ఒక్కసారిగా కరిగి కలుస్తాయి. ఐరన్ తీశాక గట్టిపడేదాకా వైరు కదపకూడదు, కదిలితే పైన మసకగా గరుకుగా కనిపిస్తుంది. సీసం ఉన్న సోల్డర్ అయితే మంచి జాయింట్ నున్నగా మెరుస్తుంది, సీసం లేనిది బాగా అంటినా కొంచెం మసకగానే ఉంటుంది, దాన్ని చూసి భయపడొద్దు.

రోజిన్ ఫ్లక్స్ లోపలున్న ఎలక్ట్రానిక్స్ సోల్డరే వాడండి. నీళ్ళ పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ అసలొద్దు, కొన్నాళ్ళకి వైరునే తినేస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, పొగ మొహానికి రాకుండా చూసుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. గిటార్ పైభాగం మీద పాత బట్ట పరిచి పెట్టుకోండి, ఒక్క చుక్క పడినా ఫినిష్ పోతుంది.

మూడోఫ్రెట్

జాజ్ బేస్‌లో హాట్ వైరు మధ్య లగ్‌కే ఎందుకు? నా ప్రెసిషన్‌లో పికప్ వైరు పక్క లగ్‌కి ఉంది, మధ్యలోంచి జాక్‌కి వెళ్తోంది.

తీగలమోత

ఒకే పికప్, ఒకే వాల్యూమ్ ఉన్నచోట మీ పద్ధతి సరైనదే. రెండు వాల్యూమ్‌లున్నప్పుడు కూడా అలాగే కలిపితే ఒక వాల్యూమ్ సున్నాకి తేగానే జాక్ మొత్తం గ్రౌండ్ అయిపోతుంది, రెండో పికప్ కూడా మూగబోతుంది. అందుకని జాజ్ బేస్‌లో పికప్‌ని మధ్య లగ్‌కి ఇచ్చి, పక్క లగ్ నుంచి బయటకి తీసుకుంటారు. అప్పుడు సున్నాకి తెస్తే ఆ పికప్ ఒక్కటే గ్రౌండ్ అవుతుంది. మూడో లగ్ పాట్ వీపుకి. ఏ పక్క లగ్ గ్రౌండ్‌దో డయాగ్రమ్ తలకిందులుగా చూసి తికమకపడేకంటే, నాబ్ సున్నాకి తిప్పి మీటర్ ఓమ్‌లలో పెట్టి మధ్య లగ్‌కీ ఒక్కో పక్క లగ్‌కీ మధ్య కొలవండి. ఏ వైపు సున్నా దగ్గర్లో చూపిస్తే అదే గ్రౌండ్ లగ్. ఎడమచేతి గిటార్‌కైనా ఈ పద్ధతి పనిచేస్తుంది.

ఓపెన్‌స్ట్రింగ్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటి ప్రశ్నే. ప్రెసిషన్ రెండు ముక్కల పికప్ మార్చాను. సౌండ్ బాగానే ఉంది, నాలుగు తీగలూ సమానంగానే ఉన్నాయి, కానీ హమ్ మాత్రం బాగా వస్తోంది. ఇది హమ్ లేని రకం కదా?

గ్రౌండ్‌వైరు

ఒక ముక్క తిరగబడి కలిసి ఉండొచ్చు. ప్రెసిషన్‌లో ఇది ఎవరికీ తొందరగా తెలియదు. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ అదే తీగని వింటాయి, ఫేజ్ తప్పితే చెవికి వెంటనే తెలుస్తుంది. ప్రెసిషన్‌లో ఒక ముక్క ఈ, ఏ తీగల్ని, రెండోది డీ, జీ తీగల్ని వింటుంది. ఒక నోట్ వాయించినప్పుడు ఎదురుపడడానికి ఇంకొకటి లేదు, కాబట్టి సౌండ్ మారదు. హమ్ మాత్రం రెండు కాయిల్‌లలోకీ వస్తుంది, కొట్టుకుపోవాల్సింది పోయి కలిసిపోతుంది. పైన చెప్పిన స్క్రూడ్రైవర్ పరీక్షే రెండు ముక్కల మీదా చేయండి, రెండూ ఒకే గుర్తు చూపించాలి. లేకపోతే ఒక ముక్క వైర్లు తిరగేయండి.

రెండు ముక్కలూ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఇంకో సంగతి. ఒక ముక్కలో కాయిల్ వైరు తెగితే గిటార్ మొత్తం మూగబోతుంది. షార్ట్ అయితే రెండు తీగలు మాత్రమే పోతాయి. మొత్తం రెసిస్టెన్స్ మామూలుగా 10, 11 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది, అందులో సగమే చూపిస్తే ఒక ముక్క లెక్కలో లేనట్టే.

లోనోట్

నెక్ వైర్లు మార్చాను. నాబ్‌లుండే ప్లేట్ ఇంకా బిగించలేదు, కానీ ప్లగ్ చేసి చూశాను. అడుగు వచ్చేసింది! రెండూ ఫుల్ పెట్టి లో ఈ కొడితే గది నిండిపోతోంది. హమ్ కూడా రెండూ ఫుల్‌లో దాదాపు లేదు. టంకంపొగ గారు చెప్పినట్టే పాట్ వీపు గరుకు కాగితంతో రుద్ది చేస్తే సోల్డర్ రెండు సెకన్లలో పరుచుకుంది, నాకే ఆశ్చర్యం వేసింది.

ప్లేట్ బిగించే ముందు ఇంకేమైనా చూడాలా? ఒక వాల్యూమ్ కొంచెం తగ్గించినా హమ్ మళ్ళీ వస్తోంది, అది మామూలేనా? కెపాసిటర్ కూడా మారిస్తే బాగుంటుందా?

తీగలమోత

మామూలే. రెండు పికప్‌ల హమ్ సమానంగా ఉన్నంతవరకే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఒకటి తగ్గిస్తే మిగిలిన తేడా వినిపిస్తుంది. సింగిల్ కాయిల్ జాజ్ పికప్‌ల స్వభావమే అది. అది అస్సలు వద్దనుకుంటే ఒకే పికప్ కవర్‌లో రెండు కాయిల్‌లు ఉండే హమ్ లేని రకాలున్నాయి, సౌండ్‌లో కొంచెం తేడా ఉంటుంది.

ప్లేట్ బిగించే ముందు కేబుల్ చివర రెసిస్టెన్స్ కొలిచి రాసి పెట్టుకోండి. 7.5 కిలో ఓమ్‌ల పికప్, 250 కిలో ఓమ్‌ల పాట్‌లు అనుకుంటే, అది ఒక్కటే ఫుల్‌లో ఉన్నప్పుడు 7కి కొంచెం పైన చూపిస్తుంది, పాట్‌లు కూడా పక్కన కలిసి ఉంటాయి కాబట్టి తగ్గుతుంది. రెండూ ఫుల్ పెడితే 3.6 దగ్గరికి వస్తుంది. తర్వాత ఎప్పుడైనా సౌండ్ తేడా వస్తే గిటార్ విప్పకుండానే ఈ అంకెలు చూసి ఏ పికప్ పోయిందో చెప్పొచ్చు.

మూడోఫ్రెట్

కెపాసిటర్ ఆయిల్‌ది వేస్తే సౌండ్ వెచ్చగా ఉంటుందని చాలామంది అంటున్నారు.

టంకంపొగ

నేను ఒప్పుకోను. టోన్ కెపాసిటర్‌లో వినిపించేది దాని విలువ. దేంతో చేశారన్నది కాదు. బేస్‌లో ఎక్కువగా 0.047 మైక్రోఫారడ్ వాడతారు, మీద 473 అని ఉంటుంది. 104 అని ఉంటే 0.1, అది ఇంకా కింద నుంచే పైభాగాన్ని కోసేస్తుంది. పైగా టోన్ ఫుల్‌లో ఉన్నప్పుడు దాని ముందు 250 కిలో ఓమ్‌లు అడ్డం ఉంటాయి, కెపాసిటర్ మారినా చెవికి తెలిసే అవకాశం చాలా తక్కువ. టోన్ సగం తగ్గించి వాయించేవాళ్ళకి విలువ మార్చి చూడడం ఉపయోగమే. ఇప్పుడున్న దాంతో మీకు ఇబ్బంది లేకపోతే ఆ డబ్బుతో మంచి తీగలు వేయండి, తేడా అందులో తెలుస్తుంది.

తీగలమోత

విలువ విషయంలో నేనూ అదే అంటాను. కానీ పాట్‌ల సంగతి వేరు, 250కి బదులు 500 కిలో ఓమ్‌లు వేస్తే పైభాగం తెరుచుకుంటుంది, అది వినిపిస్తుంది. కొందరికి నచ్చుతుంది, నాకు సింగిల్ కాయిల్‌తో కొంచెం గరుకుగా అనిపిస్తుంది. పాట్ కొనేటప్పుడు షాఫ్ట్ కూడా చూసుకోవాలి. పళ్ళున్న షాఫ్ట్‌కి స్క్రూతో బిగించే నాబ్ సరిగ్గా కూర్చోదు, పెద్ద పాట్ మెడ కొన్ని ప్లేట్ల రంధ్రంలో పట్టదు. రంధ్రం పెంచాల్సి వస్తే డ్రిల్ కంటే చేత్తో తిప్పే రీమర్ మేలు, సన్న ప్లేట్‌ని డ్రిల్ పట్టుకుని తిప్పేస్తుంది.

గ్రౌండ్‌వైరు

ప్లేట్ బిగించే ముందు బ్రిడ్జ్ గ్రౌండ్ కూడా కొలవండి. మీటర్ ఒక ప్రోబ్ బ్రిడ్జ్‌కి, రెండోది జాక్ స్లీవ్‌కి. ఒక ఓమ్ దగ్గర్లో చూపించాలి. బ్రిడ్జ్ కింద దూరే సన్న వైరు పికప్‌లు మార్చే హడావిడిలో తెగడం మామూలు విషయం. తీగల మీద చెయ్యి పెడితే హమ్ తగ్గాలి. పెరిగిందంటే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారు అయ్యాయి. జాక్‌లో పొడవుగా స్ప్రింగులా వంగి ఉండే ఆకు ఏ లగ్‌కి కలిసుంటే అదే టిప్, హాట్ అక్కడికే వెళ్ళాలి. గుంటలో రాగి టేపు వేసి ఉంటే ప్లగ్ పూర్తిగా లోపలికి నెట్టినప్పుడు ఆ ఆకు పక్కకి జరిగి టేపుకి తగలకుండా చూడండి, తగిలితే ప్లగ్ పెట్టగానే అంతా నిశ్శబ్దం. ఆ చోట ఒక ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి.

ఓపెన్‌స్ట్రింగ్

నాదీ కుదిరింది. ఒక ముక్క మైనస్ చూపించింది, వైర్లు తిప్పేశాను, హమ్ పోయింది. ఇంకో మాట, ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లకి కూడా ఇదే వైరింగ్ వాడొచ్చా?

టంకంపొగ

వాడకూడదు. వాటి లోపలే ప్రీయాంప్ (సిగ్నల్ బలం పెంచే సర్క్యూట్) ఉంటుంది, 9 వోల్ట్‌ల బ్యాటరీ కావాలి, పాట్‌లు 25 కిలో ఓమ్‌లవి, జాక్ స్టీరియోది. బ్యాటరీ మైనస్ జాక్ రింగ్‌కి వెళ్తుంది, కేబుల్ పెట్టినప్పుడే ఆన్ అవుతుంది, వాయించనప్పుడు కేబుల్ తీసేయకపోతే బ్యాటరీ అయిపోతుంది. ఈఎంజీకి బ్రిడ్జ్ గ్రౌండ్ కూడా అక్కర్లేదు, తీసేయమని వాళ్ళే చెప్తారు. పాసివ్ పాట్‌లు అలాగే ఉంచి ఈ పికప్ వేస్తే వాల్యూమ్ నాబ్ స్విచ్‌లా ప్రవర్తిస్తుంది, మెల్లగా తగ్గదు.

లోనోట్

బ్రిడ్జ్ గ్రౌండ్ 0.4 ఓమ్ చూపించింది. ప్లేట్ బిగించాను. ఎత్తు ఎంత పెట్టాలి? ఇప్పుడు పికప్‌లు బాగా పైకి ఉన్నాయి, జీ తీగ కొంచెం బలహీనంగా వినిపిస్తోంది. పై ఫ్రెట్లలో లో ఈ తీగ ట్యూన్ అటూ ఇటూ ఊగుతున్నట్టుంది.

తీగలమోత

ఊగడం అయస్కాంతం పని. పోల్ పీసులు తీగకి మరీ దగ్గరైతే తీగని పట్టి లాగుతాయి, లావు తీగ మీద, పై ఫ్రెట్లలో అది ఎక్కువ తెలుస్తుంది. ఇంటోనేషన్ (అన్ని ఫ్రెట్లలో శ్రుతి కుదరడం) తప్పిందనుకుని బ్రిడ్జ్ సాడిల్‌లు తిప్పకండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని తీగ అడుగు నుంచి పోల్ పీస్ పైకి కొలవండి. లావు తీగల వైపు 3 మిల్లీమీటర్లు, సన్న తీగల వైపు 2 దగ్గర మొదలుపెట్టండి. జీ బలహీనంగా ఉందన్నారు కాబట్టి పికప్ మొత్తం పైకి ఎత్తకుండా లో ఈ తీగ వైపు దించండి, జీ దానంతటదే ముందుకొస్తుంది. తర్వాత రెండు పికప్‌ల సౌండ్ పోల్చండి. బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి బ్రిడ్జ్ పికప్ నెక్ దానికంటే కొంచెం పైకి ఉండాల్సి వస్తుంది. సమానం అయ్యాయో లేదో హమ్‌తో కాదు, ఒకే నోట్ ఒకే బలంతో కొట్టి వాల్యూమ్‌లు మార్చి వినండి.

లోనోట్

లో ఈ తీగ వైపు దించగానే ఊగడం ఆగిపోయింది. అయితే బ్రిడ్జ్ పికప్ స్క్రూ వదులు చేసినా పైకి లేవట్లేదు, వేలితో నొక్కితే కిందికి వెళ్ళి అక్కడే ఉండిపోతోంది.

గ్రౌండ్‌వైరు

కింద ఫోమ్ చచ్చిపోయింది. పాత పికప్‌ల కింద ఉన్నదే మళ్ళీ వాడి ఉంటారు, అది ఏళ్ళ తరబడి నలిగి పొడి అవుతుంది. వేలితో నొక్కి వదిలితే వెంటనే తిరిగి లేచే గట్టి ఫోమ్ తీసుకుని పికప్ కింద మిగిలే ఖాళీ కంటే కొంచెం ఎత్తుగా కోసి పెట్టండి. లేదంటే స్క్రూలకి చిన్న స్ప్రింగులు తొడగండి, ఎక్కువ కాలం ఆగుతాయి. ఫోమ్ పెట్టేటప్పుడు వైర్లు దాని కింద కాకుండా పక్క నుంచి వెళ్ళేలా సర్దండి, పికప్ కిందికి బిగించినప్పుడు నలగకుండా ఉంటాయి.

లోనోట్

ఫోమ్ మార్చాను, ఇప్పుడు రెండు వైపులా స్క్రూకి తగ్గట్టు లేస్తోంది, దిగుతోంది. బ్రిడ్జ్ పికప్ నెక్ కంటే అర మిల్లీమీటర్ పైకి పెడితే రెండూ సమానంగా వినిపించాయి. రెండూ ఫుల్, టోన్ ముప్పావు. ఇంక తీగలు మార్చేదాకా విప్పను.